కాస్టిక్ సోడాలో ఉడికించిన రాగి గడ్డిపై ట్రైకోడెర్మా ఎందుకు సరిగ్గా పెరగడం లేదు?

బెంగళూరులో ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేస్తున్నారని, కాస్టిక్ సోడాలో ఉడికించిన రాగి గడ్డిపై ట్రైకోడెర్మా రీసీ అనే శిలీంధ్రం 5వ రోజుకు కూడా పలచని తెల్లపొర దాటలేదని, ఉడికించని పచ్చి గడ్డి మీదే నయమనిపిస్తోందని రాశారు. శిలీంధ్రాన్ని అనుమానించే ముందు గడ్డిని చూడండి.

నాకు అచ్చంగా ఇదే జరిగింది. యలహంక దగ్గర ఒక ప్రయోగశాలలో పని నేర్చుకునే రోజుల్లో, దొడ్డబళ్లాపురం వైపు నుంచి గడ్డి తెచ్చి, ముక్కలు కోసి, 2 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో ఆటోక్లేవ్ చేసేదాన్ని, అంటే ఆవిరి ఒత్తిడిలో ఉడికించేదాన్ని. మూత తీస్తే కాఫీ డికాషన్ రంగు నీళ్లు. మూడుసార్లు కడిగితే పీహెచ్ కాగితం 7 చూపించేది. నమ్మి ఆరబెట్టేదాన్ని. అలా నాలుగు విడతలు పాడయ్యాయి. ఒక సాయంత్రం కడిగిన గడ్డిని బకెట్టు నీళ్లలోనే మరిచిపోయి వెళ్లాను. ఉదయం ఆ నీళ్లలో కాగితం ముంచితే నీలిరంగు! పోచల లోపల దాగిన క్షారం రాత్రంతా మెల్లగా ఊరి బయటికి వచ్చింది. అప్పటి నుంచి రాత్రి నానబెట్టి, ఉదయం నీళ్లు మార్చి, కాస్త సిట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 5కి దగ్గరగా తెచ్చాకే వాడుతున్నాను.

కడగడంలో ఇంకో నష్టం ఉంది. గడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్‌తో పాటు అందులోని లవణాలు, నత్రజని కూడా కొట్టుకుపోతాయి. పచ్చి గడ్డి మీద బూజు హాయిగా పెరగడానికి ఇదీ కారణమే. నేను మూడు వంతుల గడ్డికి ఒక వంతు గోధుమ తవుడు కలుపుతాను, అమోనియం సల్ఫేటు ఉన్న మాండెల్స్ అనే పోషక లవణ ద్రావణంతో తడుపుతాను. తేమ 65–70 శాతం. గుప్పెడు పిండితే అరచేయి తడవాలి గాని నీళ్లు కారకూడదు.

త్వరగా పెరగాలని గ్లూకోజు మాత్రం కలపకండి. బూజు బలుస్తుంది, సెల్యులోజును చక్కెరలుగా విడగొట్టే ఎంజైము సెల్యులేజ్ తయారీ అణగిపోతుంది. ఈ శిలీంధ్రం రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు గుడారాలను తినేస్తూ దొరికింది. దానికి సెల్యులోజు ఎదురైతేనే ఆ ఎంజైము అవసరం.

డిసెంబరు రాత్రుల్లో మన ఊరి చలిని తక్కువగా చూడకండి. 28–30 డిగ్రీలు కావాలి, బల్ల మీద పెడితే చాలదు. ఆకుపచ్చ సిద్ధబీజాలు కమ్ముకున్న రోజే ఎంజైము ఎక్కువని కూడా అనుకోవద్దు. 3వ రోజు నుంచి 8వ రోజు దాకా రోజుకో ఫ్లాస్కు తీసి కొలవండి.

కొలతలో ఒక జాగ్రత్త. వడపోత కాగితం పరీక్షలో (కాగితంలోని సెల్యులోజు నుంచి ఎంజైము ఎంత చక్కెర తీసిందో కొలిచేది), కాగితం వేయకుండా ఎంజైము ద్రవం ఒక్కదాన్నే 50 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచిన నాళిక తప్పనిసరి. తవుడు నుంచి వచ్చిన చక్కెరలు, చక్కెరను కొలిచే రసాయనమైన డీఎన్ఎస్‌తో ఎర్రబడి, లేని ఎంజైమును ఉన్నట్టు చూపిస్తాయి. నా మొదటి పట్టికలో సగం అంకెలు అలాంటివే, అన్నీ కొట్టివేయాల్సి వచ్చింది.

ఈ రాత్రి గుప్పెడు గడ్డి నానబెట్టండి. ఉదయం కాగితం ఏ రంగు చూపించిందో ఇక్కడే రాయండి, మిగతాది దాన్ని బట్టి చూద్దాం.