ఎస్ తరంగం దగ్గర కాసేపు ఆగు

అమ్మలూ,

భూకంపం ఎంత దూరంలో వచ్చిందో లెక్కకట్టి నువ్వు పంపిన మూడు రికార్డులూ కూర్చుని చూశాను. లెక్క ఎక్కడా తప్పలేదు. మొదటి రెండింటిలో దూరం చక్కగా వచ్చింది. మూడోదానిలో మాత్రం భూకంపాన్ని వంద కిలోమీటర్లు అవతలికి నెట్టేశావు. దానికి కారణం గుణకారం కాదు, ఎస్ తరంగం ఇక్కడ మొదలైందని నువ్వు గీత పెట్టిన చోటు. ఈ పనిలో తప్పులన్నీ దాదాపు అక్కడే జరుగుతాయి కాబట్టి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ 8.4 అనే సంఖ్య సంగతి. మొదట వచ్చే పి తరంగానికీ, దాని వెనక వచ్చే ఎస్ తరంగానికీ మధ్య ఉన్న సెకన్లను దీనితోనే గుణించి భూకంపం దూరం కిలోమీటర్లలో చెబుతాం. ఎవరో చెప్పారని వాడేయకు, ఒక్కసారి నీ చేత్తో రాబట్టుకో. భూమి పై పొర అయిన భూపటలంలో పి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ తరంగం సుమారు 3.5 కిలోమీటర్లు వెళ్తాయి. అంటే ఒక కిలోమీటరు దాటడానికి పి కి 0.167 సెకను, ఎస్ కి 0.286 సెకను పడుతుంది. కిలోమీటరుకు 0.119 సెకను చొప్పున ఎస్ వెనకబడుతూ వస్తుంది. ఆ వెనకబాటు పూర్తి సెకను అయ్యేసరికి 8.4 కిలోమీటర్లు గడుస్తాయి. అంతే. నువ్వు పనిచేసే ప్రాంతంలో రాళ్ల వేగాలు వేరైతే ఈ సంఖ్యా మారుతుంది. ఎలా వచ్చిందో తెలిసినవాళ్లకు ఎప్పుడు మార్చాలో కూడా తెలుస్తుంది.

ఈ పద్ధతిలో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటుంది. రెండు తరంగాల మధ్య తేడా మాత్రమే మనకు కావాలి. నేల కదలికను నమోదు చేసే యంత్రంలో గడియారం అరనిమిషం ముందున్నా, వెనకున్నా దూరం మారదు, అది సమంగా నడిస్తే చాలు. నేను పని నేర్చుకున్నది డ్రమ్ము మీద చుట్టిన కాగితంతో. నిమిషానికి 60 మిల్లీమీటర్లు జరిగేది, అంటే మిల్లీమీటరుకు ఒక సెకను. భూతద్దం, సన్న గీతల స్కేలు పెట్టుకుని పి గీత నుంచి ఎస్ గీత దాకా కొలిచేవాళ్లం. ఇప్పుడు నీకు తెరమీద సెకనులో వందో వంతు కూడా కనిపిస్తుంది. కానీ తెర ఎంత సూక్ష్మంగా చూపించినా గీత ఎక్కడ పెట్టాలో చెప్పాల్సింది నీ కన్నే.

పి తో పెద్దగా ఇబ్బంది లేదు. ప్రశాంతంగా ఉన్న గీత ఒక్కసారిగా పైకో కిందికో విరుగుతుంది. నిలువు కదలికను నమోదు చేసే చానల్‌లో చూడు, స్పష్టంగా ఉంటుంది.

ఎస్ అలా కాదు. అది వచ్చేసరికి పి వెనకాల వచ్చే అలజడి ఇంకా సద్దుమణగదు. ఊగుతున్న గీతలోంచి మరో ఊపు మొదలైన క్షణాన్ని పట్టుకోవాలి. అందుకే నేల అడ్డంగా కదలడాన్ని నమోదు చేసే రెండు చానళ్లూ తెరిచి, నిలువుదానితో కలిపి మూడింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టుకో. పి లో నేల తరంగం వెళ్లే దిశలోనే ముందుకూ వెనక్కీ కదులుతుంది, ఎస్ లో దానికి అడ్డంగా ఊగుతుంది. తరంగాలు కింది నుంచి యంత్రం వైపు వస్తాయి కాబట్టి ఎస్ బలమంతా సాధారణంగా అడ్డ చానళ్లలో కనబడుతుంది. గీత పెద్దదవడం ఒక్కటే గుర్తు కాదు. ఊపులు వెడల్పు కావడం, అంటే ఒక్కో ఊపుకు పట్టే సమయం పెరగడం కూడా చూడు. ఈ రెండూ ఒకేచోట మొదలైతే ధైర్యంగా గీత పెట్టొచ్చు.

నిలువు చానల్‌లో ఎస్ వెతకొద్దని గట్టిగా చెబుతున్నాను. యంత్రం కింద మెత్తటి మట్టిపొరలుంటే, ఎస్ తరంగంలో కొంత భాగం ఆ పొర అడుగున పి గా మారి, అసలు ఎస్ కన్నా ముందే పైకి చేరుతుంది. నిలువు చానల్‌లో అచ్చం ఎస్ లాగే కనిపిస్తుంది. దాన్ని నమ్మితే దూరం తగ్గిపోతుంది.

అక్కరలేని అలజడిని వడకట్టే ఫిల్టర్ విషయంలోనూ జాగ్రత్త. కొన్ని ఫిల్టర్లు సిగ్నల్‌ను ముందుకోసారి, వెనక్కోసారి నడిపిస్తాయి. గీత నున్నగా కనిపిస్తుంది గానీ తరంగం మొదలు అసలు చోటుకన్నా ముందుకు పాకుతుంది. ఎక్కడుందో వెతకడానికి ఫిల్టర్ వాడుకో. గీత పెట్టేముందు మాత్రం ఫిల్టర్ తీసేసి ముడి రికార్డు చూడు.

నీ మూడో రికార్డులో జరిగింది ఇంకొకటి. అన్నిటికన్నా పెద్దగా ఊగిన చోట ఎస్ అనుకున్నావు. అవి నేల పైభాగం వెంట నడిచే ఉపరితల తరంగాలు. ఎస్ అంతకు 12 సెకన్ల ముందే, అంత ఆర్భాటం లేకుండా వచ్చి ఉంది. 12 ను 8.4 తో గుణించు, ఆ వంద కిలోమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలుస్తుంది. చేరిన మొదటి ఏడాది నేనూ ఇదే పొరపాటు చేశాను, అదీ వరసగా నాలుగైదు రికార్డుల్లో. ప్రతి కేంద్రం తనకు వచ్చిన దూరంతో పటం మీద ఒక వృత్తం గీస్తుంది కదా, పక్క కేంద్రం వాళ్ల వృత్తంతో నా వృత్తం ఎక్కడా కలవకపోతే గానీ నాకు తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక ఈ గుణకారం ఎంత దూరం పనికొస్తుందన్నది. ఏ 150, 200 కిలోమీటర్లో దాటాక, భూపటలం కిందికి దిగి, దాని కింది పొర అయిన ప్రావారం పైభాగం వెంట సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో వచ్చే పి తరంగం, నేరుగా వచ్చేదాన్ని దాటేస్తుంది. క్రొయేషియా శాస్త్రవేత్త మొహొరోవిచిచ్ 1909లో గమనించింది ఇదే. ఇంకా దూరమైతే తరంగాలు లోతుకు దిగి వేగం పుంజుకుంటాయి, 8.4 ఉండాల్సిన చోట సంఖ్య పెరుగుతూనే పోతుంది. భూమి కేంద్రం దగ్గర కొలిచే కోణంలో 60 డిగ్రీల దూరం తీసుకో, సుమారు 6,670 కిలోమీటర్లు. అక్కడ ఎస్, పి ల మధ్య తేడా 8 నిమిషాల పైచిలుకు. దాన్ని 8.4 తో గుణిస్తే 4,200 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతావు! అందుకే దూరపు భూకంపాలకు గుణకారం మానేసి, ఎంత దూరానికి ఏ తరంగానికి ఎంత సమయం పడుతుందో చెప్పే ప్రయాణకాల పట్టికలు చూడాలి. 1940 నాటి జెఫ్రీస్, బుల్లెన్ పట్టికలు చాలాకాలం నడిచాయి, 1991లో కొత్త నమూనా వచ్చింది. ఏది వాడావో పక్కన రాసి పెట్టు.

అసలు దూరపు రికార్డుల్లో ఈ తరంగాలను విడివిడిగా గుర్తించిన ఓల్డ్‌హామ్ మన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసినవాడే. 1897 జూన్ 12 నాటి అస్సాం భూకంపం ఐరోపా యంత్రాల మీద గీసిన గీతల్లో ఆయన మూడు దశలు చూశాడు. ఆ చూపుతోనే 1906లో భూమికి వేరే కేంద్రభాగం ఉందని చెప్పగలిగాడు. గీతను ఓపిగ్గా చూస్తే ఎంత దూరం వెళ్లొచ్చో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

లోతు మరచిపోవద్దు. తేడా 3 సెకన్లు వస్తే 25 కిలోమీటర్లు అంటాం. అది భూమి లోపల భూకంపం పుట్టిన నాభికి ఉన్న దూరం, దానికి నేరుగా పైన నేలమీద ఉండే అధికేంద్రానికి కాదు. నాభి 20 కిలోమీటర్ల లోతున ఉంటే అధికేంద్రం 15 కిలోమీటర్లలోనే ఉంటుంది. మూడు కేంద్రాల నుంచి గీసిన వృత్తాలు ఒక్క బిందువులో కలవకుండా ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే, ముందు లోతునే అనుమానించు.

ఇంకో మాట. 14.6 సెకన్లకు 122.64 కిలోమీటర్లు అని రాశావు. ఆ దశాంశాలు మనవి కావు. ఎస్ ను అర సెకను అటూ ఇటూ పెడితేనే 4 కిలోమీటర్లు మారిపోతుంది. ఇవాళ ఒకసారి గీత పెట్టు, దాన్ని దాచేసి రేపు మళ్లీ పెట్టు. రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో చూడు, నీ కన్ను ఎంతవరకు నమ్మదగిందో అదే చెబుతుంది. దాన్ని దూరం పక్కనే రాయి.

ఆ మూడో రికార్డు మళ్లీ చేసి పంపు. అడ్డ చానళ్లు రెండూ కనబడేలా ఉంచి, రెండు రోజులూ పెట్టిన గీతలు చెరపకుండా పంపు. దూరం సంగతి తర్వాత, ముందు ఆ గీతలు చూస్తాను.

మామయ్య