త్రీఫేజ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్: పొగ లోపలికే వస్తుంటే

అన్నా, వెల్డింగ్ షెడ్డులో కొత్త త్రీఫేజ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే పొగ బయటికి పోకుండా మొహాన కొడుతోందని, అరగంటకే ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే పరికరం) ట్రిప్ అవుతోందని రాశారు. మోటారు విప్పే పని అప్పుడే పెట్టుకోకండి. రెక్క ఎదురు తిరుగుతున్నట్టుంది.

ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. మీరు నిచ్చెన మీద ఉండగా ఎవరో ఒకరు వచ్చి స్విచ్ వేస్తారు, నేను చూశాను. రెక్క చేత్తో తిప్పండి. ఒకచోట గర్ర్‌మని గీసుకుంటే, గోడ బోల్టులు ఎక్కువ బిగిసి ఫ్రేము వంగినట్టే. బోల్టులు వదులు చేసి, సందుల్లో రేకు ముక్కలు పెట్టి సమానంగా బిగించండి.

జాలీ బిగించి, ఫ్యూజులు పెట్టి, ఒక్క క్షణం స్టార్ట్ చేసి ఆపేయండి. వేగం తగ్గుతున్నప్పుడు రెక్క తిరిగే దిక్కు ఫ్రేము మీది బాణంతో పోల్చండి. ఎదురైతే మళ్లీ మెయిన్ ఆపి, ఆర్, వై, బీ అనే మూడు ఫేజు వైర్లలో ఏ రెండయినా ఇటువి అటు మార్చండి. మూడూ జరిపితే మళ్లీ పాత దిక్కే!

అప్పటికీ ట్రిప్ అయితే క్లాంప్ మీటరుతో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) మూడు ఫేజుల ఆంపియర్లు చూసి, మోటారు మీది నేమ్‌ప్లేటులో రాసిన అంకెతో పోల్చండి. ఒక ఫేజులో సున్నా చూపిస్తే ఫ్యూజో, కాంటాక్టరో (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పోయి ఉండొచ్చు. మూడింట్లోనూ ఎక్కువుంటే ఎదుటి గోడ కిటికీలు తెరవండి. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఈ రకం ఫ్యాన్ మోటారు మీద లోడు పెరుగుతుంది.

రీడింగులు తీసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.