ఇంటి షెడ్డులో కారు లిఫ్టు పెట్టించవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. ఇంటి పక్కనే షెడ్డు ఉంది, శ్లాబు ఎత్తు 10 అడుగులు. స్విఫ్ట్, పాత అంబాసిడర్ ఉన్నాయి. ఆయిలు, బ్రేకుల పని నేనే చేసుకుంటాను. రెండు స్తంభాల లిఫ్టు కొనమంటారా?

జవాబు: వద్దండీ, ఆ శ్లాబు కింద దండగ. కారు ఎత్తే 5 అడుగులకు పైన, దాని కింద మీరు నిలబడాలంటే ఇంకో 6 అడుగులు కావాలి, అంటే 10 ఎక్కడ సరిపోతుంది? పైగా ఆ స్తంభాలు ఒరిగిపోకుండా పట్టి ఉంచేది నేలలో దిగిన బోల్టులే కాబట్టి కనీసం 4 అంగుళాల మంచి కాంక్రీటు ఉండాలి, మన ఇళ్లలో పలచగా బెడ్డు వేసి పైన టైల్స్ పరిచేసిన నేలని మాత్రం నమ్మకండి. నాలుగు స్తంభాలది ఒక కారు మీద ఇంకోటి నిలపడానికి బాగుంటుంది గానీ చక్రాలు పలకల మీదే ఉండిపోతాయి, బ్రేకుల పనికి మళ్లీ విడిగా జాకీ కావాలి.

మీకు నడుము ఎత్తు వరకు లేపే సిజర్ లిఫ్టు, అంటే కారు కింద కత్తెరలా విచ్చుకుంటూ పైకి లేచేది, చాలు. చిన్న స్టూలు వేసుకుని కూర్చుని పని చేసుకోవచ్చు. సింగిల్ ఫేజ్ మోటారుదే అడగండి. అంబాసిడర్‌కి అడుగున తుప్పు ఎక్కడుందో ముందు చూడండి, అక్కడ లిఫ్టు ప్యాడ్ ఆనిస్తే రేకు లోపలికి పోతుంది. ఇక లాక్ పడకుండా, ఒట్టి హైడ్రాలిక్ (ఆయిలు ఒత్తిడి) మీద నిలిచిన కారు కిందకి చెయ్యి కూడా పెట్టకండి.