6.4 సీజీపీఏ అంటే అరవై శాతమా, కాదా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్ మూడో ఏడాదికి వచ్చాడు. నాలుగు సెమిస్టర్లకు సీజీపీఏ (గ్రేడ్ పాయింట్ల సగటు, పదికి) 6.4. మా పెద్దమ్మాయి 2016లో సీబీఎస్ఈ టెన్త్ పాసైనప్పుడు 9.5తో గుణించాం. అదే లెక్కన వీడికి 60.8 శాతం రావాలి. కాలేజీలో 59 అంటున్నారు. ల్యాబ్‌లన్నింటిలో అన్నిటికంటే పైదైన ‘ఓ’ గ్రేడే, అయినా ఇంత తక్కువేమిటి? క్యాంపస్ సెలక్షన్లకు 60 అడుగుతారట, టెన్షన్‌గా ఉంది.
- ఓ తండ్రి, హనుమకొండ

జవాబు: కాలేజీవాళ్లు చెప్పిందే కరెక్టండీ. 9.5 అనేది సీబీఎస్ఈ తన టెన్త్ పిల్లల కోసం పెట్టుకున్న అంకె. దాన్ని బీటెక్‌కి తేకూడదు. మీవాడి యూనివర్సిటీలో సీజీపీఏ నుంచి అర తీసేసి పదితో గుణిస్తారు. 6.4లో 0.5 పోతే 5.9, అంటే 59 శాతం. ఈ అంకె అన్నిచోట్లా ఒకటి కాదు. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పట్టికలో తీసేది 0.75. ఆ లెక్కన 60 శాతానికి 6.75 కావాలి. అందుకే పక్కింటి అబ్బాయి మార్కులతో పోల్చుకోవద్దు.

ఇక ల్యాబ్‌ల సంగతి. చాలా ఇళ్లలో గ్రేడ్లన్నీ కూడి సబ్జెక్టుల సంఖ్యతో భాగించేస్తారు. తేడా వచ్చేది అక్కడే. ఓ కాగితం తీసుకోండి. ఒక్కో సబ్జెక్టుకు ఎంత బరువుందో చెప్పే అంకెను క్రెడిట్ అంటారు. నాలుగేసి క్రెడిట్ల సబ్జెక్టులు మూడు: మ్యాథ్స్‌లో బి అంటే 6 పాయింట్లు, రెండోదాంట్లో సి అంటే 5, మూడోదాంట్లో బి ప్లస్ అంటే 7. ఒకటిన్నర క్రెడిట్ల ల్యాబ్‌లు రెండు, రెండింట్లోనూ ‘ఓ’, అంటే 10. మామూలు సగటు 7.6 వస్తుంది. కానీ యూనివర్సిటీ ప్రతి గ్రేడ్‌నీ దాని క్రెడిట్‌తో గుణిస్తుంది: 24, 20, 28, 15, 15. మొత్తం 102. దీన్ని 15 క్రెడిట్లతో భాగిస్తే 6.8. రెండు ల్యాబ్‌లూ కలిసినా మూడు క్రెడిట్లే కదా! అదే మ్యాథ్స్‌లో బికి బదులు ఎ వచ్చి ఉంటే 7.33 అయ్యేది. మీవాడు రికార్డులు రాసుకుంటూ గడిపిన రాత్రుల్లో కొన్ని మ్యాథ్స్‌కి ఇచ్చి ఉంటే బాగుండేది.

బ్యాక్‌లాగ్, అంటే ఫెయిలై మిగిలిపోయిన సబ్జెక్టు, ఉంటే ఇంకా దెబ్బ. ఎఫ్‌కి పాయింట్లు సున్నా, కానీ భాగించేటప్పుడు దాని క్రెడిట్లు మాత్రం అలాగే ఉంటాయి.

మీవాడి యూనివర్సిటీ లెక్కన 60 శాతానికి ఇప్పుడు కావలసింది 6.5. నాలుగు సెమిస్టర్లకు 80 క్రెడిట్లు అనుకుంటే, 6.4 చొప్పున చేతిలో 512 పాయింట్లున్నాయి. అయిదో సెమిస్టర్‌లో మరో 20 కలిస్తే వంద క్రెడిట్లు, దానికి 650 పాయింట్లు కావాలి. తక్కువపడింది 138. ఇరవైతో భాగిస్తే 6.9. అంటే ఈ ఒక్క సెమిస్టర్‌లో 6.9 తెచ్చుకుంటే మీవాడు 60 శాతం గీత మీదికి వచ్చేస్తాడు. ఇప్పుడున్నదానికి సగం పాయింట్ ఎక్కువ, అంతే. ఆరో సెమిస్టర్ దాకా ఆగితే అదే పని రెండు సెమిస్టర్లలో 6.7 చొప్పున తెచ్చుకున్నా అవుతుంది. కానీ చాలా కాలేజీల్లో కంపెనీల సందడి అప్పటికే మొదలవుతుంది, కాబట్టి వాయిదా వేయొద్దనే నా సలహా.

ఫారాల్లో సీజీపీఏ గడి ఉంటే 6.4 అనే రాయమనండి. శాతం అడిగితే 59. ఇప్పటికే ఎక్కడైనా 60.8 అని నింపి ఉంటే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి చెప్పి ఈ వారమే సరిచేయించండి.