టీమ్ ఫొటో రోజు గందరగోళం లేకుండా గడవాలంటే

ప్రశ్న: మా అబ్బాయి ఆడే ఫుట్‌బాల్ టీమ్‌కి ఈసారి ఫొటో డే ఏర్పాట్లు నన్ను చూసుకోమన్నారు. 18 మంది పిల్లలు, అందరూ 8 నుంచి 10 ఏళ్ల వాళ్లే. కిందటిసారి మ్యాచ్ అయ్యాక తీయడంతో సగం జెర్సీలు మట్టి కొట్టుకుపోయాయి, ఇద్దరు అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు, మిగతావాళ్లు ఎండకి కళ్లు చికిలించుకుని నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్ రెండు గంటలే ఉంటానంటున్నారు. సరిపోతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండు గంటలు బాగా సరిపోతాయండి. ఒక్కో పిల్లాడికి రెండు నిమిషాలు వేసుకున్నా 18 మందికి 36 నిమిషాలే. టైమంతా తినేసేది ఎదురుచూపులు. శుభ్రమైన జెర్సీ వేసి ఊరికే కూర్చోమంటే ఎనిమిదేళ్ల పిల్లలు ఎంతసేపని కూర్చుంటారు, ఎక్కడో ఓ బంతి కనిపిస్తే చాలు, మోకాళ్ల దాకా మట్టే. అందుకే ఫొటోలు ఎప్పుడైనా ఆటకి ముందే తీయించండి, అందులోనూ గ్రూప్ ఫొటో మొదట. విడి ఫొటోలు తర్వాత తీస్తే ఆలస్యంగా వచ్చినవాళ్లని మధ్యలో కలుపుకోవచ్చు గానీ గ్రూప్ ఫొటోకి ఆ వెసులుబాటు ఉండదు. అది అయిపోగానే జెర్సీ నంబర్ల వరసలో ఆరేసి మందిని పిలిచి, మిగతావాళ్లని కోచ్‌కి అప్పజెప్పండి.

వెలుతురు విషయంలో మాత్రం రాజీ పడకండి. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంటుంది కాబట్టి కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, టోపీలు పెట్టుకునే ఆటైతే సగం ముఖం చీకటే. పొద్దున్నే గానీ సాయంత్రం పొద్దు వాలేటప్పుడు గానీ పెట్టుకోండి, సూర్యుడు పిల్లల వీపు వైపు ఉండేలా నిలబెడితే ఎవరూ కళ్లు చికిలించరు, ముఖాలు కాస్త చీకటిగా అనిపిస్తే ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ వేసుకుంటారు. నీడ దొరికితే ఇంకా మంచిది, అయితే అది గోడ నీడో భవనం నీడో అయి ఉండాలి. చెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముఖాల మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది, తర్వాత దాన్ని సరిచేయడం చాలా కష్టం. ముందు రోజు సరిగ్గా అదే టైముకి వెళ్లి నీడ ఎటు పడుతోందో ఒక్కసారి చూసి రండి, వెనక చెత్తకుండీ, పార్కింగ్ లాంటివి కనిపిస్తున్నాయేమో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

నిలబెట్టేటప్పుడు మూడు వరసలు చేయండి: వెనక ఏడుగురు నిలబడి, మధ్యలో ఆరుగురు బెంచీ మీద, ముందు ఐదుగురు ఒక మోకాలు కింద ఆనించి. కోచ్‌లు వెనక వరసకి అటూ ఇటూ. వెనక ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ "నీకు కెమెరా కనిపిస్తోందా?" అని అడగండి. వాళ్లకి కనిపిస్తే కెమెరాకి వాళ్లూ కనిపిస్తున్నట్టే, కనిపించకపోతే అరడుగు పక్కకి జరిపితే సరిపోతుంది. విప్పుకున్న లేసులు, జారిన సాక్సులు, ముందు వరస పిల్లల చేతులు కూడా ఒక చూపు చూడండి. తర్వాత అందరినీ కళ్లు మూసుకోమని, మూడు అనగానే తెరవమనండి. ఇంతమందిలో ఎవరో ఒకరు రెప్ప వేయడం ఖాయం, కాబట్టి ఎన్ని ఎక్కువ తీస్తే అంత మంచిది.

అన్నింటికన్నా ఎక్కువ పాడుచేసేది ఎవరో తెలుసా, మనమే, తల్లిదండ్రులం. ఒకరు ఎడమవైపు నుంచి, ఒకరు కుడివైపు నుంచి "కన్నా, ఇటు చూడు" అంటారు, పిల్లలు తలో దిక్కూ చూస్తారు. అందరినీ ఫొటోగ్రాఫర్ వెనకే నిలబడమని ముందే చెప్పేయండి, అసలు ఫొటో అయ్యాక ఫోన్లతో తీసుకోవడానికి ఒక నిమిషం ఇస్తామని మాటివ్వండి, నిజంగానే ఇవ్వండి.

మెసేజ్ వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి పెట్టండి. ఎన్నింటికి రావాలి, ఏ జెర్సీ, ఏ సాక్సులు, వాన పడితే మళ్లీ ఏ రోజు, అన్నీ అందులోనే ఉండాలి. ఒకటి రెండు అదనపు జెర్సీలు, పిన్నీసులు, దువ్వెన, తడి తుడుపులు ఒక సంచీలో మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లల పేర్లు, నంబర్లు రాసిన కాగితం ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చి, ప్రతి పిల్లాడికీ ముందు పేరు రాసిన అట్టని ఒక క్లిక్ తీయమనండి, లేకపోతే తర్వాత ఏ ఫొటో ఎవరిదో వెతుక్కోలేక తల ప్రాణం తోకకొస్తుంది. ఫొటోలు బయట పెట్టడం ఎవరికైనా ఇష్టం లేదేమో కూడా ముందే రాతపూర్వకంగా అడగండి. ఒక్కరు వద్దన్నా సరే, ఆ బిడ్డని పక్కకి తప్పించకండి, అందరూ ఉన్న ఫొటోని ఇళ్లకి మాత్రమే పంపి, బయట పెట్టడానికి ఆటలో తీసిన వేరే ఫొటో వాడండి.

ప్రశ్న: మా అమ్మాయి టీమ్‌లో బాగా ఆడుతుంది, కెమెరా చూస్తే మాత్రం బిగుసుకుపోతుంది. నవ్వమంటే ఏడుపు ముఖం. ఏం చేయాలి?
– మరో పాఠకురాలు

జవాబు: నవ్వమని అడక్కండి, అంతే. చేతికి బంతి ఇవ్వండి, చేతులకి పని దొరికితే భుజాలు వాటంతటవే వదులవుతాయి. గ్రూప్ ఫొటోలో తనకి బాగా దగ్గరైన స్నేహితురాలి పక్కన నిలబెట్టమని కోచ్‌కి ముందే చెప్పండి. విడి ఫొటోకి మొదట పిలవొద్దు, మరీ చివర్నా వద్దు, నలుగురైదుగురు తీయించుకోవడం చూశాక పిలిస్తే టెన్షన్ తగ్గుతుంది. ఆ కాసేపూ మీరు తన కంటికి కనిపించని చోట ఉంటే ఇంకా నయం. సీరియస్‌గా చూస్తే చూడనివ్వండి, ఆటగాళ్ల ఫొటోలకి ఆ చూపు బాగానే ఉంటుంది.