ఈస్టిండియా కంపెనీ 1857తోనే ముగిసిపోయిందా?

లేదు, భారతదేశంలో కంపెనీ పాలన 1858లో ముగిసింది, కంపెనీ మాత్రం 1874 జూన్ 1న గానీ రద్దు కాలేదు. 1858 ఆగస్టులో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి పాలనను రాణికి అప్పగించింది. అయినా కంపెనీ ఎందుకు మిగిలిందంటే, వాటాదారులకు ఏటా పదిన్నర శాతం డివిడెండు ఇస్తామని 1833 చార్టర్ చట్టం నలభై ఏళ్లకు హామీ ఇచ్చింది. ఆ డబ్బు భారతదేశ ఆదాయం నుంచే చెల్లించారు. ఓడిన ప్రజలే ఆ వాటాదారులను పోషించారన్నమాట!

ఉదాహరణకు, 1848లో రాజమండ్రిలో పుట్టిన కందుకూరి వీరేశలింగం కంపెనీ ఏలుబడిలో పుట్టారు. 1862లో పుట్టిన గురజాడ అప్పారావు రాణి పాలనలో జన్మించినా, అప్పటికి కంపెనీ ఇంకా బతికే ఉంది.

1857 అనేది సిపాయిల తిరుగుబాటు మొదలైన ఏడాది మాత్రమే. దాన్నే కంపెనీ అంతమైన ఏడాదిగా చాలామంది పొరబడతారు. పాలన చేతులు మారేనాటికి తిరుగుబాటు నాయకుడు తాంతియా తోపే ఇంకా పోరాడుతూనే ఉన్నాడు.