గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు రోజుకు ఎంతసేపు ఫోనులో ఉంటారు? మా రూము లెక్క

మీ ప్రశ్న ఇది: "మా ఆయన అబుదాబిలో వెల్డరు. రోజూ రాత్రి 12 దాటేదాకా ఆన్‌లైన్‌లోనే కనబడతారు. ఇంటికి చేసే ఫోను మాత్రం పది నిమిషాలే. బయటి దేశాల్లో ఉన్నవాళ్ళందరూ గ్రూపుల్లో ఇంతింతసేపు గడుపుతారా?" మీరు రాయగడ నుంచి రాశారు, నాది పర్లాకిమిడి. 2014 నుంచి 2021 దాకా అబుదాబి పక్కన ముసఫ్ఫాలో క్యాంపులో ఉండి పైపు ఫిట్టరుగా చేశాను. కాబట్టి అందరి సంగతీ కాదు గానీ, ఆ గోడల మధ్య సంగతి చెప్పగలను.

చెల్లెమ్మా, ముందు గడియారం సంగతి. వాట్సాప్‌లో లాస్ట్ సీన్ మీ ఫోను టైము ప్రకారం కనబడుతుంది, ఆయన టైము ప్రకారం కాదు. అక్కడ మనకన్నా గంటన్నర వెనక. మీకు 12:20 అని కనబడితే ఆయనకి అప్పుడు 10:50. మా ఆవిడ మొదటి రెండేళ్ళూ దీన్ని తలకిందులుగా లెక్కేసింది. కనబడింది అక్కడి టైము అనుకుని, దానికి ఇంకో గంటన్నర కలిపి, "రాత్రి రెండింటిదాకా ఎవర్తోటి మాటాడుతున్నావు?" అని నిలదీసింది. నేను ఆ టైముకి గుర్రు పెట్టి నిద్రపోతున్నానని కింది మంచం వాడితో సాక్ష్యం చెప్పించాల్సి వచ్చింది.

ఇప్పుడు రోజు ఎలా గడుస్తుందో చూడండి. నాలుగుంపావుకి లేవాలి, ఐదింటికి బస్సు. ఆయిలు, గ్యాసు ప్లాంటుల్లో మామూలు ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు, నిప్పు భయం. మా సైట్లో గేటు దగ్గర లాకర్లో పెట్టి తాళం వేసుకుని వెళ్ళేవాళ్ళం. అంటే ఏడింటి నుంచి సాయంత్రం ఐదు దాకా ఫోను మొహం చూడం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు ఉంది. ఆ రెండున్నర గంటలూ నీడలో పడుకునేవాళ్ళం గానీ, ఫోను గేటు దగ్గరే. క్యాంపుకి వచ్చేసరికి ఆరున్నర. బాత్రూము లైను, వంట లైను, బట్టలు. అన్నం ముందు కూర్చునేసరికి ఎనిమిది. ఇక్కడ మీకు తొమ్మిదిన్నర. పదిన్నరకి లైటు ఆర్పేయాలి, లేకపోతే తెల్లారి లేవలేం. మిగిలింది రెండున్నర గంటలు. అందులోనే అన్నం, ఇల్లు, స్నేహితులు, ఊరు, దేశం, సినిమా అన్నీ ఇమడాలి. మీ ఆయన 10:50కి కూడా కనబడుతున్నారంటే నిద్రలోంచి ఓ అరగంట కోసుకుంటున్నారన్నమాట. అది మంచిది కాదు, కానీ ఘోరమేమీ కాదు.

మరి కాల్ పది నిమిషాలే ఎందుకు? రెండు కారణాలు. అక్కడ వాట్సాప్‌లో మెసేజీ వెళ్తుంది, కాల్ వెళ్ళదు. వాళ్ళ చట్టం అంతే. నేనున్నప్పుడు బోటిమ్ లాంటి యాప్ పెట్టుకుని దానికి విడిగా ప్లాను వేసుకోవాల్సి వచ్చేది. మేం రూము వైఫై మీద నెట్టుకొచ్చేవాళ్ళం, ఆరుగురు ఒకేసారి ఎక్కితే బొమ్మ కొయ్యబారిపోయేది. రెండో కారణం ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఒక గదిలో ఆరుగురం, కిందొకటి పైనొకటి ఉండే జంట మంచాలు మూడు. పెళ్ళాంతో ఏం మాట్లాడినా ఐదుగురు వింటారు. "తిన్నావా, పిల్లడు బడికెళ్ళాడా, డబ్బులు అందాయా" కన్నా ముందుకి మాట సాగదు. మెసేజీ అయితే ఎవరికీ వినబడదు. అందుకే మాట తగ్గి వేళ్ళు పెరుగుతాయి.

2018, 19 ప్రాంతంలో ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఒక సెట్టింగు వచ్చింది కదా, ఏ యాప్‌లో ఎంతసేపున్నామో చూపిస్తుంది. ఒక శుక్రవారం టీ పందెం వేసుకుని అందరం తెరిచి చూశాం. నాది వారానికి సగటున రోజుకి 3 గంటల 50 నిమిషాలు. బస్సులో వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు చూసిందీ, శుక్రవారం సెలవు రోజు పొద్దుటి నుంచి చూసిందీ కలిపి. మా అందరిలో చిన్నవాడు, ఇచ్ఛాపురం కుర్రాడు, ఏడు గంటలు దాటాడు. అందులో సగం వాడు నిద్రపోతుంటే గుండెల మీద తనంతట తానే తిరిగిన వీడియోలు. పెద్దాయన, అందరం మావ అనేవాళ్ళం, స్కాఫోల్డింగు పని. ఆయనది గంటా ఇరవై నిమిషాలు. పందెం ఆయనే గెలిచాడు, టీ ఆయనకే పోశాం.

కానీ ఆ గంటా ఇరవైలో గంట బోటిమే. ఆయన మాట్లాడేది నాలుగు నిమిషాలు. మిగతా అంతా ఫోనుని అన్నం గిన్నెకి ఆనించి పెట్టి తినేవాడు. అటువైపు అత్త ఫోనుని పెరటి గోడ మీద పెట్టి గిన్నెలు తోముకునేది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకునేవారు కూడా కాదు. ఆ తోముడు చప్పుడు మాకందరికీ అలవాటైపోయింది. ఒకరోజు నెట్టు పోయి చప్పుడు ఆగితే మేం ఆరుగురం ఒకేసారి తలెత్తాం.

ఫోనులో గంటలు లెక్కపెట్టడం ఎందుకు పనికిరాదో నాకు ఆయన్ని చూశాకే అర్థమైంది.

గ్రూపుల సంగతికి వస్తే, మన సరిహద్దు వాళ్ళకి అది మూడింతలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, ఏటికి ఇవతల పాతపట్నం మద్రాసులో మిగిలింది. ఆ గీత ఇప్పటికీ మా ఫోన్లలో ఉంది. నేను శ్రీకాకుళం వాళ్ళ గ్రూపులో ఉన్నాను, గంజాం ఒడియా వాళ్ళ గ్రూపులో ఉన్నాను, క్యాంపు హిందీ గ్రూపులో ఉన్నాను. తెలుగు గ్రూపులో బీమా గురించి అడిగితే "అది ఆంధ్రా పాస్‌పోర్టు అడ్రసు ఉన్నవాళ్ళకి అన్నా, మీది ఒడిశా కదా" అన్నారు. ఒడియా గ్రూపులో అడిగితే "మీరు తెలుగువాళ్ళు కదా, మీ వాళ్ళనే అడగండి" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే అన్నారు. చివరికి హిందీ గ్రూపులో ఒక బీహారు ఆయన చెప్పాడు: ఈసీఆర్ పాస్‌పోర్టు (అంటే పనికి వెళ్ళే ముందు సర్కారు అనుమతి కావాల్సింది) మీద వెళ్ళిన ప్రతివాడికీ కేంద్రం వాళ్ళ ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, పది లక్షలకి, ప్రీమియం రెండేళ్ళకి 275 రూపాయలు, కాగితం నీ పెట్టెలోనే ఉంటుంది చూడు అని. నిజంగానే ఉంది. ఈ ఒక్క ముక్క కోసం మూడు గ్రూపుల్లో నాలుగు రాత్రులు.

అదే మాదిరి మా తోడల్లుడి కొడుకు ఒక ఏజెంటుకి లక్షా ఇరవై వేలు కట్టబోతుంటే గ్రూపులోనే ఆగాడు. రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని ఎవరో రాశారు. రిజిస్టరైన ఏజెంట్ల పేర్లుండే కేంద్రం వాళ్ళ ఈమైగ్రేట్ సైటులో వెతికితే ఆ ఏజెంటు పేరే లేదు. ఆ రాత్రి వాడు ఫోనులో ఎంతసేపున్నాడో నాకు అక్కర్లేదు.

ఇంకొక రాత్రి గుర్తుంది. 2018 అక్టోబర్ 11, గురువారం. తిత్లీ తుఫాను తెల్లవారకముందు పలాస దగ్గర తీరం దాటింది. నేను నాలుగుంపావుకి లేచి ఇంటికి మెసేజీ పెట్టాను. ఒక టిక్కు. బస్సులో చూశాను, ఒక టిక్కు. సాయంత్రం లాకరు తెరిచి చూశాను, అదే ఒక టిక్కు. గజపతి జిల్లాలో కరెంటు లేదు, టవర్లు లేవు. ఆ రాత్రి మా రూములో ఎవరూ లైటు ఆర్పమనలేదు. టెక్కలి వాడు, కాశీనగర్ వాడు, సోంపేట వాడు, అందరం గ్రూపుల్లో వీధి పేరు రాసి "ఇటువైపు ఎవరైనా ఉన్నారా" అని అడగడమే. జవాబు చెప్పేవాడికి సిగ్నలు లేదు, సిగ్నలు ఉన్నవాడికి మా వీధి తెలీదు. బరంపురంలో ఉన్న ఒకాయన, మొహం కూడా ఎరగను, శుక్రవారం బండి మీద అటు వెళ్ళి వచ్చి ఒక వాయిస్ పెట్టాడు: "మీ ఈదిలో రేకులెగిరిపోనాయి బావూ, మనుషులు బాగున్నారు." పదకొండు సెకన్లు. ఎన్నిసార్లు విన్నానో చెప్పను. రెండో టిక్కు ఆదివారం పడింది. ఆ మూడు రోజులకీ లెక్క తీస్తే ఫోనులో గంటలు నలభై దాకా వచ్చుంటాయి.

అలాగని గ్రూపులన్నీ గంగాజలం అనను. ఎన్నికల టైములో రెండు పార్టీల వాళ్ళు ఒకే గదిలో ఎదురెదురు మంచాల మీద పడుకుని, నోటితో ఒక్క మాటా అనుకోకుండా గ్రూపులో బూతులు తిట్టుకోవడం కళ్ళారా చూశాను. ఐపీఎల్ నెలల్లో ఇంకో రోగం, బెట్టింగు. మా బ్లాకులో ఒకతను రాత్రి ఒంటిగంట దాకా ఫోను వదిలేవాడు కాదు, అడిగితే "ఇంటితో" అనేవాడు. మూడు నెలలు ఇంటికి డబ్బు వెళ్ళలేదు, మా దగ్గరే అప్పులు చేశాడు. కాబట్టి చెల్లెమ్మా, మీరు చూడాల్సింది లాస్ట్ సీన్ కాదు. డబ్బు తేదీకి అందుతోందా, అందకపోతే సాకులు చెబుతున్నారా, శుక్రవారమో ఆదివారమో ఆయన సెలవు రోజున తీరిగ్గా ఫోను చేస్తున్నారా, ఇవి చూడండి. ఇవి బాగుంటే మిగతాది గదిలో ఐదుగురి బాధ. ఒకసారి ఆయన్ని మంచం దిగి క్యాంపు బయట గోడ దగ్గరికి వెళ్ళి ఫోను చేయమనండి. పది నిమిషాలు ఎంతకి పెరుగుతాయో మీకే తెలుస్తుంది. మా ఆవిడకి అలాగే తెలిసింది.

నేను వచ్చేసి పర్లాకిమిడిలో వెల్డింగు షాపు పెట్టుకున్నాను. ఇప్పుడు మా బావమరిది ఖతార్‌లో ఉన్నాడు, అక్కడ రెండున్నర గంటలు వెనక. వాడు డ్యూటీ దిగి అన్నం పెట్టుకునేసరికి ఇక్కడ పదిన్నర అవుతుంది, అప్పుడు మా ఆవిడ ఫోనుని నీళ్ళ బిందెకి ఆనించి పెడుతుంది. వాడు తింటుంటాడు, ఈవిడ రేపటికి చిక్కుళ్ళు ఒలుచుకుంటుంది, నేను షాపు లెక్క రాసుకుంటాను. నిన్న ఓ ఇరవై నిమిషాల తర్వాత ఈవిడ తలెత్తకుండానే అడిగింది.

"ఏటి కూర?"

"పప్పే."

మళ్ళీ చిక్కుళ్ళు ఒలిచింది.